అక్కను రెండు రోజులకు బేరమాడి తెచ్చాను

సూర్యాపేటలో మా నాన్నది బట్టల దుకాణం. బేరమాడటం నాకు మాటలతో పాటే వచ్చింది. అందుకే నిడమనూరు అవతల, పొలాల మధ్య ఉన్న ఆశ్రమం నుంచి అక్కను తెచ్చే పని ఇంట్లో నాకే అప్పగించారు. అమ్మకు మోకాలి ఆపరేషన్ ఉంది. అక్క అక్కడ చేరి ఏడాదిన్నర. ఫోన్ కూడా స్వామి దగ్గరే.

స్వామి నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. "తీసుకెళ్లండి బాబూ, ఎవరు ఆపారు? గేటు తెరిచే ఉంది" అన్నాడు. నాకు లోపల నవ్వొచ్చింది. కోదాడ నుంచి పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లను పరుపు మీద కూర్చోబెట్టి, చాయ్ తాగించి, "పక్క షాపు గూడ సూసి రాండ్రి" అనేవాడు మా నాన్న. ఒక్కరూ లేచేవారు కాదు.

అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. "పోదామా అక్కా?" అన్నాను.

నాన్న మాటకే అడ్డం తిరిగిన మనిషి, ఇప్పుడు స్వామి కనుబొమ్మల వైపు చూసింది. అవి కొంచెం ముడిపడ్డాయి.

"స్వామి ఎట్లంటే అట్ల" అంది.

తలంటుకోవాలన్నా, పప్పులో పులుపు వేయాలన్నా అక్కడ ఆ కనుబొమ్మలే దిక్కు. ఆయన ఎవరినీ తిట్టడట. కోపమొస్తే రెండు రోజులు మాట్లాడడట, అంతే. మజ్జిగ తెచ్చినామె అది కూడా ఆయన గొప్పతనంగానే చెప్పింది.

ఇక నా విద్య బయటికి తీశాను.

"నెల రోజులు పంపండి స్వామీ."

"ఒక పూట."

"పదిహేను రోజులు."

"సాధన చెడుతుంది బాబూ. ఒక రోజు."

లేచి చెప్పుల దాకా నడిచాను. మా వ్యాపారంలో కొనడానికొచ్చిన గిరాకీ లేచిపోతుంటే షాపువాడు వెనక్కి పిలుస్తాడు. ఆయన పిలవలేదు. కాసేపు చెప్పులు తొడిగి, విప్పి, నేనే తిరిగొచ్చాను. చివరికి రెండు రోజులకు ఖాయమైంది. మూడో రోజు పొద్దున్నే తెచ్చి దింపుతానని మాటిచ్చాను.

మిర్యాలగూడలో బస్సెక్కాక గొప్పగా చెప్పాను. "సూసినవా అక్కా, ఒక్క పూట అన్నోణ్ణి రెండ్రోజులకు గుంజిన!"

అక్క కిటికీలోంచి చూపు నా వైపు తిప్పింది. "బేరం ఎవరితోటి చేస్తర్రా?" అంది.

"సరుకున్నోడితోటి."

"మరి నేను ఆయన సరుకని నీకెవరు చెప్పిన్రు? పక్కనే కూసున్న గద. ఎన్ని రోజులుంటవని నన్నొక్కసారన్న అడిగినవా?"



మర్నాడు అమ్మకు ఆపరేషన్ అయింది. మూడో రోజు పొద్దున, మనసొప్పకపోయినా, మాట తప్పితే పరువేముంటుందని దవాఖాన ముందు బండి ఆపాను. అక్క వార్డులోంచి బయటికొచ్చింది.

"ఎటు?"

"ఆశ్రమానికి. మాటిచ్చిన గదనే."

"ఇచ్చింది నువ్వు. నువ్వే పోయి ఉండు. నాకు అమ్మను నడిపిచ్చే పనున్నది."

లోపలికి వెళ్లిపోయింది. బండి తిప్పి ఇంటికి పోవాలో, అక్కడే ఆగాలో అడుగుదామని నేనూ ఆమె వెనకే వెళ్లాను.