తినని పురుగులకు విందు

మా బావ దోమల్ని చంపే ఉద్యోగంలో ఉండేవాడు. చంపినవాటి సంగతి నాకు తెలియదు కానీ, పెంచినవాటికి మాత్రం నేనే సాక్షిని.

పురపాలక సంఘంలో పొగ మిషను మోసే పని ఆయనది. భుజాన మిషను, ముక్కుకి గుడ్డ, చెవులు చిల్లులు పడే మోత. పిల్లలు వెంటపడేవాళ్లు, ఆడవాళ్లు గబగబా కిటికీలు మూసేవాళ్లు. దోమలు కాసేపు పక్క వీధికి వెళ్లి తీరిగ్గా తిరిగొచ్చేవి. అయినా ఆయన నడకలో దొరతనం తగ్గేది కాదు. వీధివాళ్లు ఆయన్ని పొగ బాబాయ్ అనేవాళ్లు.

అలాంటి మనిషి చేతికి ఓ ఏడాది ఆఫీసువాళ్లు గోధుమరంగు పొడి పొట్లం ఇచ్చారు. నిలవ నీళ్లలో కలపాలట. మోత లేదు, పొగ లేదు. బావకి తల కొట్టేసినట్టయింది.

శిక్షణ ఇవ్వడానికొచ్చిన మేడమ్ ఓపిగ్గా చెప్పింది. ఆ పొడిలో ఒక బ్యాక్టీరియా తయారుచేసిన ప్రోటీను పలుకులుంటాయి. దోమ లార్వా వాటిని తిండి అనుకుని మింగుతుంది. దాని కడుపులో క్షారం ఎక్కువ కాబట్టి పలుకులు కరుగుతాయి. అక్కడి జీర్ణరసాలే వాటిని కత్తిరించి విషంగా మారుస్తాయి. ఆ విషం పేగు గోడకి అతుక్కుని చిల్లులు పొడుస్తుంది. మన కడుపులో ఆ క్షారమూ లేదు, విషం అతుక్కునే చోటూ లేదు, కాబట్టి మనకి భయం లేదు. "తింటేనే చస్తాయి. దోమలయ్యే ముందు ప్యూపాలుగా మారి తిండి మానేస్తాయి, అందుకని చిన్నప్పుడే వెయ్యాలి" అని ఆవిడ రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ బావ ఆవులించాడు.

అప్పుడే మేస్త్రీ పోస్టు ఖాళీ అయింది. హెల్త్ ఆఫీసరుకి తన పనితనం చూపించాలని బావ పెరట్లో ఓ డ్రమ్ము నిండా నీళ్లు పట్టి, మూత తీసి పెట్టాడు. కొన్నాళ్లకి అందులో సన్నటి పురుగులు కదిలాయి. వీధిలో అప్పటికే విషజ్వరాలు. మా అక్కా బావల పాప మంచం పెరటి కిటికీ పక్కనే. డ్రమ్ము ఒంపెయ్యమని, కనీసం పొడి ఇప్పుడే కలపమని అక్క పోరుపెట్టింది.

"ఇంత సన్నవి చస్తే ఎవడికి కనిపిస్తాయే? కాస్త ఒళ్లు చెయ్యనీ" అన్నాడు బావ.

ఒళ్లు చేశాయి. కామాల్లా వంకర తిరిగి నీళ్లలో పిల్లిమొగ్గలు వెయ్యసాగాయి. అంటే ప్యూపాలయ్యాయి, తిండి మానేశాయి. బావ వాటిని చూసి తెగ మురిసిపోయాడు.

ఆఫీసరు వచ్చాడు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లివారికి వడ్డించినట్టు పొడి దండిగా కలిపాడు. మర్నాడు ఆఫీసరు మళ్లీ వచ్చి చూస్తే ఒక్కటీ చావలేదు. అందరూ చూస్తుండగానే అవి దోమలై, నీటి మీద నిలబడి రెక్కలు ఆరబెట్టుకుని, ఒక్కొక్కటే లేచాయి. ఒకటి వెళ్లి ఆఫీసరు బట్టతల మీద వాలింది. దాంతో మేస్త్రీ పోస్టు గల్లంతయింది. బావ మాత్రం పొడి కల్తీదని ఊరంతా టముకు వేశాడు.

ఆ నెల తిరక్కుండానే పాపకి జ్వరం వచ్చింది. ఆసుపత్రి మంచం మీద, సూది గుచ్చిన ఆ చిన్న చెయ్యి చూస్తే నాకు ఏడుపొచ్చింది, బావని చూస్తే ఒళ్లు మండింది. ఆయన అప్పటికీ కల్తీ పొడి గురించి నర్సుకి వివరిస్తున్నాడు. అక్క పాప మీంచి చూపు తిప్పకుండానే మాట్లాడింది.

"తినేటప్పుడు పెట్టలేదు, తిండి మానేశాక పెట్టావు. మళ్లీ ఆకలేసినప్పుడు ఎక్కడికొచ్చాయో చూశావుగా."

బావ పాప చేతి మీది దద్దుర్ల వైపు చూశాడు. పొగేమీ లేకుండానే ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.