లైను చివర ఎడమ భుజం

ఆ రోజుల్లో నాకు నడక నామోషీ. రాష్ట్రం ఏర్పడ్డాక తను పనిచేసే కచేరీతోపాటు కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చేసిన బావ, నాంపల్లిలో రెండు గదులు కిరాయికి తీసుకుంటే, అక్కావాళ్ళతో అక్కడే ఉంటూ నేనూ ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. సాయంత్రాలు అబిడ్స్‌లో టైపు నేర్చుకోవడానికి వెళ్ళేవాణ్ణి. నడిస్తే ఎంత దూరమని? అయినా కదులుతున్న బస్సును పరుగెత్తి పట్టుకుంటేనే గానీ నాకు తృప్తి ఉండేది కాదు. ఒకనాడు ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుని ఫుట్‌బోర్డు మీద వేలాడుతుంటే బస్సు మలుపు తిరిగింది. నేనూ తిరిగాను. చెయ్యి మాత్రం కడ్డీ దగ్గరే ఉండిపోయింది. భుజం కీలు జారి, చంకలో గొడుగు పెట్టుకున్నవాడిలా చెయ్యి ఎడంగా పట్టుకుని ఏడుస్తూ వెళ్తే, మా వీధి చివర కుస్తీలు నేర్పే తాలీంఖానాలో ఎముకలు సరిచేసే పహిల్వాన్ నన్ను కూర్చోబెట్టి, "జర గా గోడమీది బల్లిని చూడు" అన్నాడు. నేను వెతుకుతుండగానే టక్కున ఎక్కించేశాడు. (బల్లి లేదు.)

ఆ తర్వాత జారడం ఆ కీలుకు అలవాటైపోయింది. చొక్కా తలమీంచి తొడుక్కుంటే జారేది, ఆవలిస్తూ ఒళ్ళు విరుచుకుంటే జారేది. ఐదోసారి పహిల్వాన్ చేతులు దులుపుకున్నాడు. "ఇగ నాతోని కాదు బాబూ, లోపలి కట్టు తెగింది. దవాఖానకు పో." అక్కడి డాక్టరుగారూ అదే అన్నారు. "కీలును పట్టి ఉంచే కట్టు ఎముక నుంచి ఊడింది. కోసి, మళ్ళ కుట్టి, బిగిస్త. ఇగ జారది. గని ఆరు వారాలు గా చెయ్యి నీది కాదనుకో."

నా గుండె అక్కడే జారింది. సరిగ్గా రెండు నెలల్లో టైపు పరీక్ష. అప్పటికే రెండుసార్లు తప్పాను. (చేతకాక కాదు, తొందరెక్కువై అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడినందుకు.) మూడోసారీ తప్పితే ఉద్యోగం ఊడుతుంది. పెట్టె సర్దుకుని ఇంటికి పోయి నాన్న ముందు నిలబడాలి. ఆ మాట తలచుకుంటే భుజం నొప్పి నొప్పే కాదనిపించేది.

ఆపరేషనయ్యాక ఎడమ చేతిని ఛాతీకి అతికించినట్టు కట్టు కట్టి పంపారు. చొక్కా పైన వేసుకుంటే ఖాళీ చెయ్యి ఊగుతుండేది. నేను కాలుగాలిన పిల్లిలా గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గదిలోకి తిరిగేవాణ్ణి. స్టేషన్లో రైలు కూతేస్తే, దానికి ఉన్నపాటి స్వేచ్ఛ నాకు లేదే అని ఉడుక్కునేవాణ్ణి. ఆ కట్టులో కదిలేవి వేళ్ళొక్కటే. వాటితో చొక్కా కింద పక్కటెముకల మీద ఎడమచేతి అక్షరాలు పొద్దస్తమానం కొట్టుకునేవాణ్ణి. అక్క అత్తగారు మూడు రోజులు చూసి, నాలుగో రోజు ఉండబట్టలేక అడిగారు.

"నాయనా, జపం మంచిదే. ఎడం చేత్తో చెయ్యమని నీకు ఎవరు చెప్పారు?"

"జపం కాదత్తయ్యగారూ, టైపు."

"ఏదైనా సరే, కుడిచేత్తో చెయ్యాలి."

పాపం, నా తరఫున ఆవిడే కుడిచేత్తో ఇంకో నూట ఎనిమిది చేసి లేచేవారు.

కట్టు విప్పారు. చెయ్యి ముందుకు వస్తోంది, కొద్దిగా పైకి లేస్తోంది, పక్కకు మాత్రం పోనంటోంది. లోపలి కట్టును డాక్టరు మరీ బిగువుగా బిగించాడు. టైపుమిషను ముందు కూర్చున్నాక తెలిసింది నా పని అయిపోయిందని. లైను పూర్తవుతుంటే గంట మోగుతుంది, క్యారేజీ ఎడమవైపు బయటికి వెళ్ళి ఉంటుంది, దాని చివరి మీటను ఎడమ చేత్తో నెడితేనే కొత్త లైను. ఆ మీటకు జానెడు దూరంలో నా చెయ్యి ఆగిపోయింది. ఇంకో వారంలో పరీక్ష. నాకు నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి.

టైపు మాస్టరు వచ్చి చూశారు. "ఏమైంది?"

"చెయ్యి అక్కడిదాకా పోవట్లేదు మాస్టారూ."

"చెయ్యి పోకుంటే నువ్వే పో. గిట్ల ఫికర్ చేస్తే ఏమొస్తది?"

పోయాను. పరీక్షలో గంట మోగినప్పుడల్లా నడుం నుంచి మొత్తంగా ఎడమవైపు ఒరిగి, మీట నెట్టి, మళ్ళీ నిటారుగా కూర్చున్నాను. పక్కవాడి కాగితం చూస్తున్నాననుకుని, పరీక్ష చూసే ఆయన చివరిదాకా నా నెత్తిమీదే నిలబడ్డాడు. లైనుకొకసారి ఒరిగి లేవాలి గనక నా తొందర సాగలేదు. ప్రతి లైనూ ఊపిరి తీసుకుని మొదలుపెట్టాల్సి వచ్చింది. వేగం బొటాబొటిగా సరిపోయింది, తప్పులు దాదాపు లేవు. ప్యాసయ్యాను. ఆ డాక్టరు బిగించింది భుజాన్నే అనుకున్నాను గానీ, నన్ను కూడా కాస్త బిగించాడు.

ఇప్పుడు కంప్యూటరు మీద రాస్తున్నాను. గంట లేదు, మీట లేదు, లైను దానంతటదే తిరుగుతుంది. అయినా లైను చివరికి వచ్చేసరికి నా ఒళ్ళు ఎడమవైపు ఒరుగుతుంది. "ఎక్కడికండీ, కుర్చీలోంచి పడతారు" అంటుంది మా ఆవిడ. భుజం మళ్ళీ ఎన్నడూ జారలేదు. బస్సు వెంట పరుగెత్తిన ఆ కుర్రాడే ఎప్పుడు దిగిపోయాడో తెలియదు. ఇలా ఒరిగినప్పుడు మాత్రం, వాడు పక్కనే కూర్చుని ఉన్నట్టుంటుంది.