హరేలీ నాడు నేను దున్నని చాలు

ఆ రోజుల్లో భిలాయిలో పెళ్ళి కావాలంటే కుర్రాడికి రెండే ఉండాలి: ఉక్కు ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగం, నోరు మూసుకుని కూర్చునే బావ. మొదటిది దేవుడి దయవల్ల దొరికింది. రెండోది దొరకలేదు. మా అక్క మొగుడు నోరు విప్పాడంటే కొలిమి తలుపు తీసినట్టే, పక్కనున్నవాడు కాలక తప్పదు. (నా నోరు తక్కువదని అనను. నిజాన్ని చొక్కా తొడక్కుండా వీధిలోకి పంపే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.)

ప్లాంటు పనివాళ్ళుండే క్యాంప్ 2లో, మా వెనకింట్లో శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దాయన ఉండేవాడు. ఆయన కూతుర్ని నాకడగడానికి నేనూ బావా వెళితే, నన్ను పైకీ కిందికీ చూసి, "కుర్రోడికి మట్టి తెలుసేటి? మట్టి తెలీనోడికి నా పిల్లనివ్వను" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు. "అదేటి మావయ్యా! మావోడు నాగలి పట్టినాడంటే ఎడ్లే సిగ్గుపడతాయి." నేను విజయనగరం రైల్వే క్వార్టర్సులో పుట్టిన పాయింట్స్‌మన్ కొడుకుని. నాకు తెలిసిన చాళ్ళు రెండే, అవీ ఇనపవి.

సరిగ్గా అప్పుడే, దుర్గ్ దారిలో మా చిమ్నీల పొగ కనిపించే దూరంలో ఉన్న ఒక పల్లెకి గొప్ప గౌరవం దక్కింది. తాతల నాటి వరి విత్తనాలను పోగొట్టుకోకుండా కాపాడుకుంటున్న ఆ ఊరి సేద్యాన్ని మెచ్చుకుంటూ శాసనసభలో తీర్మానం చేశారట. దాన్ని రాగిరేకు మీద చెక్కించి, రైతుల పండగ హరేలీ నాడు ఎమ్మెల్యేగారే వచ్చి ఊరికి అందిస్తారట. పైగా ఇనుము చేసేవాడూ అన్నం పండించేవాడూ కలిసి ఒక చాలు దున్నాలని ఆయన ముచ్చటపడ్డారు. ప్లాంటు తరఫున ఎవరు? బావ ఉన్నాడుగా! నా పేరిచ్చి, చూడ్డానికి పెద్దాయన్ని కూడా పిలిచేశాడు.

"బావా, ఎద్దుకి ఏ పక్కన నిలబడాలో కూడా తెలీదు నాకు!"

"ఒక్క చాలేరా. దున్నీసినావంటే పిల్ల నీదే. దున్నలేదనుకో, మనిద్దరం సుపేలా బజార్లో తలెత్తుకోలేం."

ఆ సాయంత్రం మా ఇంటి వెనక సందులో నులకమంచం తిరగేసి, దానికి తాడు కట్టి, ఆ తాడు తన భుజానికి తగిలించుకుని బావ ఎద్దయ్యాడు. నేను మంచంకోడు పట్టుకున్నాను. "కాస్త ఎడమకి తిరగండి బావా. నొప్పెడితే చెప్పండి, ఆపేస్తాను." ఎద్దు ఆగి వెనక్కి తిరిగింది. "ఎద్దుని అండీ అంటావేట్రా, దద్దమ్మా! అదిలించు!" "పెద్దవారు కదండీ, ఎలా అదిలిస్తాను?" అక్క గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుని కూలబడింది. (నాకింకో బెంగ. మన ఎడ్లకి తెలుగు వచ్చు. ఛత్తీస్‌గఢ్ ఎడ్లతో ఏ భాషలో మాట్లాడాలి?)

హరేలీ రానే వచ్చింది. సన్నటి వాన, షామియానా, ముందు వరసలో గొడుగుతో పెద్దాయన. తీర్మానం చదివారు, రాగిరేకు ఊరిపెద్ద చేతికిచ్చారు, అందరూ చప్పట్లు కొట్టారు. "అబ్ హల్ చలేగా!" అని, ఇక నాగలి సాగుతుందంటూ మైకులో నా పేరు పిలిచేసరికి నేను బావ వెనక్కి నక్కాను. ఊరిపెద్ద మాత్రం కదల్లేదు. వెనక్కి చెయ్యి చూపించాడు. అక్కడ ఊళ్ళోని నాగళ్ళన్నీ శుభ్రంగా కడిగి, బొట్లు పెట్టుకుని వరసగా కూర్చున్నాయి.

"ఆజ్ హరేలీ హే సాహెబ్. ఆజ్ నాంగర్ నై చలయ్."

ఆ రోజు నాగలికి పూజ, ఎడ్లకి సెలవు. మట్టికి తాకించరు. కార్యక్రమం గురించి మేం అందర్నీ అడిగాం, ఆ ఊరివాళ్ళని తప్ప! ఎమ్మెల్యేగారు నాలుక కరుచుకున్నారు. ఆయనదీ పల్లెటూరే. "మా అమ్మకి తెలిసిందంటే ఇవాళ నాకు అన్నం పెట్టదు" అని పెద్దగా నవ్వేశారు. నేను మెల్లగా బావ వెనకనుంచి ఇవతలికొచ్చాను. వచ్చాక నోరు ఊరుకుంటుందా? "అయ్యో, మూడు చాళ్ళయినా దున్నుదామనుకున్నానే!" అనేశాను.

ఊరిపెద్ద నన్ను దగ్గరికి పిలిచాడు. "తోర్ ఔజార్ కహాఁ హే, బాబూ?" నీ పనిముట్టేదీ అంటున్నాడు. ఎప్పుడూ జేబులో ఉండే స్పానరు తీసిచ్చాను. దాన్ని నాగళ్ళ సరసన పెట్టి, బొట్టు పెట్టి, నా చేతిలో బెల్లం కలిపిన బియ్యప్పిండి అట్టు పెట్టాడు. చీలా అంటారక్కడ. అంత రుచైన అట్టు నేను మళ్ళీ తినలేదు.

తిరిగొస్తుంటే పెద్దాయన గొడుగు నా మీదికి వంచాడు. "ముహూర్తం ఎప్పుడు పెట్టిద్దాం బావూ?"

"నేను దున్నడం మీరు చూడనేలేదు కదా మావయ్యా?"

"సూడకేటి? దడి సందులోంచి మా ఇంటిల్లిపాదీ సూసినాం. మట్టి సంగతి అలగుంచు. ఎద్దుని అండీ అన్నోడు నా పిల్లని ఒసే అనడు."

ఇప్పటికీ హరేలీ నాడు మా ఆవిడ చీలాలు పోసి, ఆ స్పానరుకి బొట్టు పెడుతుంది. మొన్న పండగనాడే వంటింట్లో కుళాయి కారడం మొదలెట్టింది. స్పానరు మీద చెయ్యి వెయ్యబోతే, "ఆజ్ నహీఁ! ముట్టకండి" అని కసిరింది. కుళాయి కింద బకెట్టు పెట్టి, చీలా తింటూ హాయిగా కూర్చున్నాను. బావ పోయి చాలా కాలమైంది. ఉండుంటే గుమ్మంలో నిలబడి ఎవరో ఒకరితో అంటూనే ఉండేవాడు, "మావోడు స్పానరు పట్టినాడంటే కుళాయిలే సిగ్గుపడతాయి" అని.