లేని బాబాయ్

పదకొండేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. చాలా చిన్నది. ఒక్క మాట. ఆ మాటతో నేను హిందీ సినిమాల్లోకి వెళ్లాను, నా స్నేహితురాలు బొంబాయి వదిలి ఇంటికి వెళ్లిపోయింది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. నన్ను క్షమిస్తారని కాదు. క్షమించాలని చదువుతుంటే ఇక్కడే ఆపేయండి.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. అమ్మా నాన్నా మిరపకోతకి, పత్తితీతకి వెళ్లేవాళ్లు. నేను నటన నేర్చుకున్నది మా చర్చిలో, క్రిస్మస్ నాటకాల్లో. ఒక ఏడాది, పసిపిల్లల్ని చంపించే హేరోదు రాజు వేషానికి అబ్బాయిలెవరూ ముందుకు రాకపోతే నేనే వేశాను. ముందు వరసలో పిల్లలు జడుసుకుని ఏడ్చారు. ఆ ఏడుపు విన్నాక ఇంక వేరే పని చెయ్యబుద్ధి కాలేదు.

డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక ఏడాది తిరిగాను. ఎక్కడికి వెళ్లినా ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగి, రెండు ప్రశ్నల్లో నన్ను తేల్చేసేవాళ్లు. బొంబాయిలో అయితే ఎవరికీ ఎవరూ తెలియదు కదా అనుకున్నాను. ఎంత అమాయకురాలిని! అక్కడా అదే అడుగుతారు. హిందీలో అడుగుతారు, అంతే.

కవిత అక్కడే పరిచయమైంది. అసలు పేరు అది కాదు. పర్చూరు అమ్మాయి, వాళ్లది పొగాకు వేసే కుటుంబం. మలాడ్‌లో ఒకే గదిలో ఉండేవాళ్లం. తను నాకంటే బాగా నటించేది. వినయం కోసం అనడం లేదు, నాకు వినయం లేదు. ఇంట్లో వాళ్లు తనకి ఒక్క ఏడాది గడువిచ్చారు. అది అయిపోవస్తున్నప్పుడు ఒక పెద్ద సినిమాలో హీరో చెల్లెలి వేషానికి తనని మూడుసార్లు పిలిచారు. దాదాపు ఖాయం అన్నారు. ఆ హీరో ఒక పాత హీరో కొడుకు. అతనివి మూడు సినిమాలు వరసగా పోయినా నాలుగోది చేతిలో పెట్టారు. మాలాంటి వాళ్లం ఒక్క డైలాగులో తడబడితే చాలు, తలుపు చూపించేవాళ్లు.

ఆ వేషానికి ఇంకా కొందరిని చూస్తున్నారని తెలిసి, నన్ను వెళ్లమన్నది కవితే.

"నువ్వూ వెళ్లవే. ఇద్దరిలో ఎవరికొచ్చినా మనకొచ్చినట్టే" అంది.

వెళ్లాను. నలభై మంది అమ్మాయిలం ఆ సినిమా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాం. కాగితం మీద పేరు, ఇంటిపేరు రాసిచ్చాం. కాసేపటికి ఒకతను ఆ కాగితం పట్టుకుని బయటికొచ్చి నన్ను వెతికాడు. మా ఇంటిపేరే ఉన్న ఒక పెద్ద తెలుగు నిర్మాత పేరు చెప్పి, ఆయన నాకేమవుతారని అడిగాడు.

మా వైపు ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంటుంది. అది బొంబాయి వాళ్లకి తెలియదు. ఆ పెద్దమనిషి మాకు చుట్టమని మా ఊళ్లో అంటే కొందరు నవ్వుతారు, కొందరు కొట్టడానికొస్తారు. అక్కడ ఆ మెట్ల మీద మాత్రం ఆ మనిషి మొహంలో ఆశ కనిపించింది. నేను ఔనంటే బాగుండునని అతనే కోరుకుంటున్నాడు.

"బాబాయ్" అన్నాను.

కుర్చీ వచ్చింది. టీ వచ్చింది. లోపలి గది తలుపు తెరుచుకుంది. దర్శకుడు స్వయంగా వచ్చి బాబాయ్ ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను. నా నటన సగమే చూసి, చాలన్నారు. ఒక్కరైనా ఫోన్ చేసి కనుక్కోలేదు. అంత పెద్దవాళ్ల గురించి ఆరా తీసే ధైర్యం అక్కడ ఎవరికుంది?

మధ్యాహ్నం గదికి వచ్చేసరికి కవిత నేల మీద కూర్చుని ఉంది. తనకి అప్పుడే ఫోన్ చేసి చెప్పేశారు.

"ఎవరో నిర్మాత గారి అన్న కూతురంట" అంది. "ఆవిడొచ్చిందంట, నన్ను తీసేశారంట. మూడుసార్లు తిప్పించుకున్నారే నన్ను! ఎవరికో బాబాయ్ ఉంటే నాకెందుకే ఈ శిక్ష?"

"ఊరుకోవే" అన్నాను.

"నీకు కోపం రావట్లేదా?"

"వస్తోంది" అన్నాను. అది నిజం. ఎవరి మీదో మాత్రం చెప్పలేదు.

రెండ్రోజులాగి ఇంకో అబద్ధం చెప్పాను. ఆ నిర్మాతగారి అన్న కూతురు తప్పుకుందని, చివరి నిమిషంలో నన్ను పిలిచారని. కవిత నన్ను వాటేసుకుంది. "పోనీలే, వాళ్ల చేతికి పోకుండా మన చేతికే వచ్చింది" అంది. ఆ నెలాఖరుకి పెట్టె సర్దుకుని పర్చూరు వెళ్లిపోయింది. స్టేషన్‌లో నేనే దింపాను.

సినిమా టైటిల్స్‌లో ఇంటిపేరు వద్దన్నాను. నా సొంత పేరు ఒక్కటే వేయించుకున్నాను. అది నా ఆత్మగౌరవం అని పత్రికల్లో రాశారు. దొరికిపోతానన్న భయమని మీకు చెబుతున్నాను. తర్వాత వేషాలొచ్చాయి, పేరొచ్చింది. ఇంటర్వ్యూల్లో వారసుల్ని కడిగిపారేశాను. తాతల పేరు చెప్పుకుని తెర మీదికొచ్చే వాళ్లని ఒక్కొక్కరినీ ఏకాను. ఆ మాటల్లో ఒక్కటీ వెనక్కి తీసుకోను. నాకు నిజంగానే ఎవరూ లేరు. ఎవరి తాలూకువని అడిగారు, వాళ్లకి కావలసిన జవాబిచ్చాను. కూలివాళ్ల కూతురినని చెబితే కుర్చీ వేసేవాళ్లా? ఆ ఆఫీసుకి నేను క్షమాపణ చెప్పను. ఇప్పుడే కాదు, ఎప్పటికీ చెప్పను.

కానీ ఇలా మాట్లాడేటప్పుడల్లా నేను వాళ్లవైపే చూస్తాను, కవితవైపు చూడను. వాళ్లని మోసం చేశానని గర్వంగా చెప్పుకుంటున్నానే, వాళ్లకి పోయిందేముంది? ఒక వేషం ఒక అమ్మాయి నుంచి ఇంకో అమ్మాయికి మారింది. ఆ హీరో ఐదో సినిమా కూడా చేశాడు. పోయింది కవితకే. దారి చూపించింది కూడా కవితే. చుట్టరికం పేరుతో ఒకరి చోటు లాక్కోవడం తప్పని ఊరూరా చెప్పే నేను, ఆ పని లేని చుట్టరికంతో చేశాను. ఉన్న బాబాయ్‌తో చేస్తే తప్పు, లేని బాబాయ్‌తో చేస్తే తెలివా?

పోయిన నెల కవిత ఫోన్ చేసింది. పర్చూరులో ఒక స్కూల్లో టీచరుగా చేస్తోంది, పిల్లలచేత నాటకాలు వేయిస్తుంది. వార్షికోత్సవానికి రమ్మంది. వెళ్లాను. మైకు ముందు నిలబడి పిల్లలకి నన్ను పరిచయం చేసింది. "ఈవిడ మన పక్క జిల్లా అమ్మాయి. ఎవరి అండా లేకుండా, ఎవరి పేరూ చెప్పుకోకుండా అంత దూరం వెళ్లింది. ఆ రోజుల్లో నేను పక్కనే ఉండి చూశాను" అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను లేచి దణ్ణం పెట్టాను. అప్పుడైనా చెప్పొచ్చు. పక్క కుర్చీలోనే కూర్చుంది. చెప్పలేదు. బాగా నటించాను.

తిరిగొచ్చాక వారం రోజులు కూర్చుని ఇది రాశాను. మీకంటే ముందు కవితకి పంపాను. ఇది అచ్చువేయవద్దంటే మానేస్తానని, వేయమంటే నా పేరుతోనే వేయిస్తానని కింద రాశాను. తను చదివినట్టు ఫోన్‌లో కనిపిస్తోంది. తొమ్మిది రోజులైంది, జవాబు లేదు. వద్దనలేదు, వేయమనలేదు. అందుకే పేరు లేకుండా ఇస్తున్నాను.

చెప్పాక గుండెలో బరువు కొంత తగ్గింది. ఆ మాట సిగ్గుపడకుండా ఒప్పుకుంటాను. జవాబు కోసం చూడటం లేదని కూడా రాయబోయాను. ఇన్ని అబద్ధాల తర్వాత అదొక్కటి రాయడానికి చెయ్యి రాలేదు. చూస్తున్నాను.