ఎర్ర దారం టు, తెల్ల దారం ఇంగ్

ఒక ముసలిది ఇంగ్లీషు వ్యాకరణం నేర్చుకుంటే లోకానికి వచ్చే నష్టమేమిటని మీరు అడగొచ్చు. చెబుతాను, వినండి. నేను నేర్చుకున్న వ్యాకరణానికి ఒక కట్ట కొత్త జీన్సు ప్యాంట్లు బలైపోయాయి, మా ఆడవాళ్ళందరి చదువు తొట్టినీళ్ళలో కలిసిపోబోయింది.

మాది రూపనగుడి. తెలుగు అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నాను. బస్సు బోర్డుల కోసం కన్నడ అక్షరాలు ఆ తర్వాత వచ్చాయి. రోజూ బస్సెక్కి బళ్ళారిలో జీన్సు ప్యాంట్లు ఉతికే యూనిట్‌కు పనికి పోయేదాన్ని. నా పని దారాలు కట్టడం. బ్లీచ్ తొట్టిలోకి పోవలసిన ప్యాంటు నడుముకు ఎర్ర దారం, ఉత్త ఉతుకుడుకు పోయేదానికి తెల్ల దారం. తొట్టి దగ్గర బసప్ప ఉండేవాడు. ఆయన ప్యాంటును చూడడు, కట్టిన మనిషిని చూడడు, దారాన్ని మాత్రమే చూస్తాడు. మా ఆయన నడుముకు ఎర్ర దారం కట్టి పంపినా ముంచి తెల్లగా చేసి తిరిగిచ్చేవాడు.

మధ్యాహ్నం తిండి అయ్యాక, షెడ్డు చివర షబానా అనే అమ్మాయి మాకు ఇంగ్లీషు చెప్పేది. డిగ్రీ చదివి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న పిల్ల. జీతం లేదు, బస్సు ఛార్జీ కూడా లేదు, అయినా వచ్చేది. సావుకారు ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు: "ఒక్క పీసు చెడినా ఆ పొద్దే క్లాసు బంద్. గొత్తాయితా, తెలిసిందా?"

నేను ఇంగ్లీషులో చదివిన మొట్టమొదటి వాక్యం ప్యాంటు లోపలి పట్టీ మీదిది: డు నాట్ బ్లీచ్. ఏళ్ళ తరబడి ఈ చేతులతో తిప్పి మడిచిన ప్యాంటు ఆ రోజు నాతో మాట్లాడింది. సంతోషంతో నాకు అన్నం కూడా సహించలేదు. ఆ వాక్యాన్ని మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, అదే గొడవ.

చదువు అలా సాఫీగా సాగుతుండగా షబానా 'టు', 'ఇంగ్' మొదలుపెట్టింది. 'వాంట్' అంటే దాని వెనక 'టు' రావాలట: ఐ వాంట్ టు ఈట్. 'ఎంజాయ్' అంటే వెనక వచ్చే మాటకు 'ఇంగ్' తగలాలట: ఐ ఎంజాయ్ ఈటింగ్.

"రెండు తావులా తినేది అదే రొట్టె గదమ్మా, మళ్ళీ ఈ భేదమెందుకు?" అన్నాను.

"ఎందుకని అడగొద్దు అవ్వా. వాంట్, హోప్, డిసైడ్ ఒక గుంపు. ఎంజాయ్, ఫినిష్, కీప్ ఇంకో గుంపు. నోటికి రావాల, అంతే."

"మరి లైక్?"

"దానికి రెండూ సరిపోతాయి."

"రెండిండ్ల అల్లుడు మాదిరా? యాడికి పోయినా పీట వేస్తారు."

నవ్వారందరూ. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా బుర్ర మా తొట్టి కింద తూములాంటిది, పైన పోసింది పోసినట్టే కాలువలోకి పోతుంది. కానీ నా చేతులు అలా కాదు, ఒకసారి కట్టిన దారాన్ని మరిచిపోవు. అప్పుడు వెలిగింది నా తెలివి.

మరుసటి రోజు ఉత్త ఉతుకుడుకు పోవలసిన ఒక కట్ట, ఇంకా దారాలు కట్టకుండా, నా ముందు పడి ఉంది. తిండి మానేసి దానికి నామకరణం మొదలుపెట్టాను. "నువ్వు వాంట్, నీకు ఎర్ర దారం, టు. నువ్వు ఫినిష్, నీకు తెల్ల దారం, ఇంగ్." లైక్ వచ్చినప్పుడు రెండు దారాలూ కట్టాను. పేర్లు అయిపోతే మళ్ళీ మొదటినుంచి. కట్ట అంతా అయ్యేసరికి గుంపులు రెండూ నోటికి వచ్చేశాయి. క్లాసు అయ్యాక ఎర్ర దారాలు విప్పేద్దామనుకుని, నా గొప్ప చూపించుకోవడానికి షెడ్డు చివరికి పరుగెత్తాను.

ఆ రోజే నీళ్ళ ట్యాంకరు పెందలాడే రావాలా? వచ్చింది. నీళ్ళు రాగానే బసప్ప కట్ట ఎత్తుకుపోయాడు.

నేను తడుముకోకుండా ఒప్పజెప్పాను. షబానా చప్పట్లు కొట్టింది. అంతలో ముక్కుకు ఘాటు తగిలింది.

"ఈ పొద్దు బ్లీచ్ పని లేదు గదే, ఏందీ వాసన?" అని పక్కనున్న మారెక్కను అడిగాను.

"పక్క యూనిట్‌ది లేక్కా. నువ్వు చెప్పు."

సరేనని రెండో గుంపు అందుకున్నాను.

క్లాసు ముగిసి బయటికి వస్తే తాళ్ళ మీద ప్యాంట్లు ఆరుతున్నాయి. ఒకటి సున్నం కొట్టిన గోడలా, ఒకటి ముదురు నీలంగా. నడుమ కొన్ని మోకాళ్ళ దాకా నీలం, కింద తెలుపు, మజ్జిగలో దిగి నిలబడినట్టు. వాటి ముందు సావుకారు.

"బసప్పా, ఏందప్పా ఇది?"

"దారం ఎట్లుంటే అట్ల చేసినా సావుకారప్పా."

"ఈ సగం సగం ఏంది?"

"దానికి రెండు దారాలుండె. సగం ముంచినా. ఇంగేం చేయాల?"

"అది లైకు," అన్నాను, నోరు ఊరుకోక.

ఆ పైన అంతా చెప్పక తప్పలేదు. సావుకారు నావైపు కాదు, షబానా వైపు తిరిగాడు. "నేను ముందే చెప్పినా గదమ్మా."

ఆ పిల్ల సుద్దముక్కలు ఏరి సంచిలో వేసుకుంది. "నేను సరిగా చెప్పింటే అవ్వ దారాల దాకా పోయేది కాదు సార్," అంది.

"దాని తప్పేముండాది?" అన్నాను. "కట్టిండేది ఈ చేతులు. నన్ను పనిలోంచి తీసెయ్ సావుకారప్పా, క్లాసు తీయొద్దు."

"ఈ వయసులో ఇంగ్లీషు నేర్చి ఏం చేస్తావు ఓబుళమ్మా? క్లాసు ఎందుకు ఉండాలనో ఆ ఇంగ్లీషులోనే చెప్పు చూస్తాం. చెప్పలేకుంటే ఈ పొద్దుతో సరి."

ఆడవాళ్ళందరూ నన్నే చూస్తున్నారు. దిక్కుతోచక తాళ్ళవైపు చూశాను. తెల్లబడింది వాంట్, దానికి టు. నీలంగా మిగిలింది కీప్, దానికి ఇంగ్.

"ఐ వాంట్ టు కీప్ లెర్నింగ్," అన్నాను.

షబానా సంచి కింద పెట్టేసింది. సావుకారు ప్యాంట్లను చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ ప్యాంట్లను చూశాడు. చివరికి వేలు చూపించి, ఒక్కొక్క మాటే నొక్కి పలికాడు.

"ఐ వాంట్ యూ టు స్టాప్ టైయింగ్."

"కరెక్ట్ సార్," అంది షబానా, అలవాటు చొప్పున.

అప్పుడు నవ్వాడు మహానుభావుడు. క్లాసు బతికిపోయింది. నన్ను మాత్రం దారాలనుంచి గుండీల పనికి మార్చారు. పాడైన ప్యాంట్ల కుట్లు విప్పి మేమే క్లాసుకు బొంతలు కుట్టుకున్నాం. నేను కూర్చునేది లైక్ మీద.

షబానా ఇప్పుడు మోక అనే ఊళ్ళో బడి పిల్లలకు చెబుతోంది. ఆదివారం వస్తే మాకూ చెబుతుంది. సంచి సర్దుకున్న రోజున నా తప్పును తన మీద వేసుకున్న పిల్ల అది. ఆమెకు నేనివ్వగలిగింది ఏముంది, తప్పుల్లేని వాక్యం తప్ప. రోజుకొకటి రాస్తూనే ఉన్నాను.

ఇక నా ప్రతిజ్ఞ. సూర్యుడి సాక్షిగా, తొట్టి సాక్షిగా చెబుతున్నాను. పాఠం గుర్తుండాలని ఈ జన్మలో మరొకరి బట్టకు దారం కట్టను. అంత అవసరమైతే నా కొంగుకే ముడి వేసుకుంటాను. ఆ కొంగుతో బసప్ప దరిదాపులకు మాత్రం పోను.