పదో తరగతికి అమ్మ చెప్పిన టీకొట్టు సంగతి

డిసెంబరు వచ్చిందంటే సిడ్నీ శివారు రౌస్ హిల్‌లోని మా గరాజు గులాబీ పువ్వుల వాసనతో నిండిపోతుంది. మైదా, గుడ్లు, కొబ్బరిపాలు, యాలకుల పొడి కలిపిన జారుపిండిలో వేడి అచ్చు ముంచి, కాగుతున్న నూనెలో పెట్టగానే ఒక కమ్మని వాసన లేస్తుంది. అది పక్కింటివాళ్ళ బార్బెక్యూ పొగతోనూ, ఎండకు వేడెక్కిన యూకలిప్టస్ ఆకుల ఘాటుతోనూ కలిసి, నన్ను నిలుచున్నచోటే పదేళ్ళ పిల్లను చేసేస్తుంది. అమ్మ ఇప్పటికీ ఆ అచ్చు ఎవరికీ ఇవ్వదు. మొన్న ఆమె పక్కన కూర్చుని విరిగిన పువ్వులు ఏరుకు తింటున్నప్పుడు, మా అమ్మాయి తన బడిలో మొదలుపెట్టిన నవల గురించి చెప్పింది. నల్లవాళ్ళకు జరిగిన అన్యాయం మీద ఎప్పుడో అమెరికాలో రాసిన పుస్తకం. ఒకప్పుడు అమ్మ పాఠం చెప్పింది కూడా ఆ నవలే.

మేం తెనాలి నుంచి వచ్చి వెస్ట్‌మీడ్‌లో ఎర్ర ఇటుకల ఫ్లాట్లలో దిగిన రోజులవి. రెండువేల సంవత్సరంలోకి తేదీ మారగానే కంప్యూటర్లన్నీ గందరగోళంలో పడతాయని లోకమంతా బెంగపడుతుంటే, ఆ బెంగ పుణ్యమా అని నాన్నకు సిడ్నీలో ఉద్యోగం దొరికింది. వసంతం ముదిరేసరికి వీధి పొడుగునా జకరాండా పూలు ఊదారంగు తివాచీలా రాలేవి. బడికి నడిచి వెళ్తే బూట్ల అడుగున అంటుకుని ఇంట్లోకి కూడా వచ్చేవి. మధ్యాహ్నాలు కీచురాళ్ళ రొద చెవులు హోరెత్తించేది. ఫ్లాట్ల పిల్లలందరం కార్లు నిలిపే చోట సుద్దముక్కతో గళ్ళు గీసుకుని టెన్నిస్ బంతితో హ్యాండ్‌బాల్ ఆడేవాళ్ళం. వీధిలో ఎవరో వదిలేసిన సోఫాను నాన్నా, పై అంతస్తు గఫూర్ అంకులూ కలిసి మోసుకొచ్చారు. దాని మీద అమ్మ తన కాటన్ చీర పరిస్తే మా హాలు హాలయింది.

గఫూర్ అంకుల్‌ది కర్నూలు. నాన్నతో ఒకే ఆఫీసు. పెళ్ళి కాలేదు కాబట్టి ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి మా గుమ్మం ముందు ఉండేవాడు. చికెన్ కూర వాసన మెట్ల దాకా వస్తోందని అమ్మను మెచ్చుకుంటూ లోపలికొచ్చి, టీలో రస్కు ముంచుకుని, అది విరిగి గ్లాసులో పడితే చెంచాతో వేటాడేవాడు. నాకు ఆయన అంటే ప్రాణం.

తెనాలి కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన అమ్మ, ఇక్కడ పరీక్షలూ కాగితాలూ అన్నీ దాటుకుని ఏడాదికి పైగా ఎదురుచూసింది. చివరికి క్వేకర్స్ హిల్ వైపు ఒక హైస్కూల్లో, ప్రసవానికి సెలవు పెట్టిన టీచరు స్థానంలో ఒక టర్మ్‌కి తీసుకున్నారు. బాగా చెబితే వచ్చే ఏడు కూడా ఉంచుతామన్నారు. మొదటివారమే అమ్మ దిగాలుగా ఇంటికొచ్చింది. పదో తరగతి పిల్లలు ఆమె ఉచ్చారణను వెనక నుంచి అనుకరిస్తున్నారట. పై వారం ఆ తరగతికే ఈ నవల పరిచయం చెయ్యాలి.

ఆదివారం భోజనాలయ్యాక హాల్లో తరగతి పెట్టుకున్నాం. నేనూ నాన్నా గఫూర్ అంకులూ విద్యార్థులం. అమ్మ చీర కొంగు బిగించి, రచయిత జీవితం, బానిసల వ్యాపారం, అంతర్యుద్ధం అంటూ రాసుకొచ్చిన కాగితాలు చదివింది. అంకుల్ అల్లరి పిల్లాడి వేషం వేసి కాసేపు కాగితం ఉండలు విసిరాడు. తర్వాత నిజంగానే ఆవలించాడు.

"నిద్రొస్తాంది టీచరమ్మా. యాడనో ఉండే ఊరు. అది మాకెందుకు?"

అమ్మ ముఖం చిన్నబోయింది. అప్పుడు నాన్న మెల్లిగా అన్నాడు.

"సువర్ణా, మీ ఊళ్ళో టీకొట్టు సంగతి చెప్పకూడదూ?"

"ఇంత దూరం వచ్చి కూడా అదేనాండీ?" అంది అమ్మ, అంకుల్ వైపు ఓసారి చూసి.

నాకేమీ అర్థం కాలేదు. టీకొట్టు మాట ఎప్పుడూ మా ఇంట్లో రాలేదు. తెలుగువాళ్ళ వేడుకల్లో ఆంటీలెవరైనా ఇంటిపేరేమిటి, తెనాలిలో ఏ వైపు అని అడిగితే అమ్మ మాట మార్చి వంటల్లోకి వెళ్ళిపోవడం మాత్రం చూశాను. గఫూర్ అంకుల్ వేషం చాలించి సోఫాలో సర్దుకుని కూర్చున్నాడు.

"చెప్పక్కా. వింటా."

అమ్మ చెప్పింది. ఊరికి ఎడంగా ఉండే తమ పేట గురించి, సెంటర్లో టీకొట్టు గురించి. ఊళ్ళోవాళ్ళ గ్లాసులు లోపల పళ్ళెంలో ఉండేవి. పేటవాళ్ళవి బయట చెక్క మీద బోర్లించి ఉండేవి. తాతయ్య తన గ్లాసు తనే తీసుకుని పట్టుకుంటే, కొట్టు మనిషి తగలకుండా పైనుంచి పోసేవాడు. తాగాక కడిగి మళ్ళీ అక్కడే బోర్లించాలి. తాతయ్యతో వెళ్ళిన అమ్మ కూడా అలాగే తాగేది. ఎవరూ తిట్టేవాళ్ళు కాదు, కొట్టేవాళ్ళు కాదు, అది మామూలు విషయం అంతే, అంది అమ్మ.

"ఆ కాగితాలు పక్కన పెట్టక్కా. ఇదే చెప్పు," అన్నాడు అంకుల్.

అమ్మ భయం వేరు. ఆ తరగతిలో శ్రావ్య అని ఒక తెలుగమ్మాయి ఉంది. వాళ్ళమ్మ పద్మ ఆంటీ మాకు వేడుకల్లో పరిచయం. క్లాసులో చెబితే సాయంత్రానికి క్వేకర్స్ హిల్‌లో తెలుగు ఇళ్ళన్నిటికీ తెలుస్తుంది.

ఆ పాఠం రోజున మా బడికి సెలవు. నన్ను చూసుకునేవాళ్ళు లేక, అడిగి అనుమతి తీసుకుని, అమ్మ తనతో తీసుకెళ్ళి వెనక బెంచీలో కూర్చోబెట్టింది. గదిలో అరటిపళ్ళ వాసన, చెమట వాసన. నెత్తి మీద ఫ్యాను కిరకిరమంటోంది. అమ్మ పుస్తకాలు పంచలేదు. సంచీలోంచి మా ఇంటి టీ గ్లాసులు రెండు తీసి, ఒకటి బల్ల మధ్యలో, ఒకటి కిటికీ గట్టు మీద బోర్లించి పెట్టింది. ఆ రెండూ ఎందుకు వేరువేరు చోట్ల ఉన్నాయో చెప్పడం మొదలుపెట్టింది. మొదట వెనక వరసలో కిచకిచలు. తర్వాత అవీ ఆగిపోయాయి.

అమ్మను అనుకరించే పిల్లాడు అతనేనేమో, మచ్చల ముఖం, పొడుగు కాళ్ళు, చెయ్యి ఎత్తకుండానే అడిగాడు. "అయితే మిస్, మీరు ఆ టీ తాగారా?"

"తాగాను," అంది అమ్మ. "టీ చాలా బాగుండేది. అదే కష్టం."

ఒకరిద్దరు నవ్వి, నవ్వు మధ్యలోనే ఆపేశారు. అప్పుడు కిటికీ పక్కన కూర్చున్న ఒక ఆస్ట్రేలియా ఆదివాసి అమ్మాయి, ఎవరివైపూ చూడకుండా, వాళ్ళ నాన్నమ్మ పెరిగిన ఊళ్ళో ఈత కొలనులోకి తమవాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదని చెప్పింది. "ఇక్కడే. అమెరికాలో కాదు," అంది. గంట కొట్టేలోగా అమ్మ నవలలు పంచితే, చెప్పకముందే పిల్లలు మొదటి పేజీ తెరిచారు. శ్రావ్య మాత్రం తల దించుకునే ఉంది.

శనివారం ఫోను మోగింది. పద్మ ఆంటీ. అమ్మ రిసీవరు రెండు చేతులతో పట్టుకుంది. ఆంటీ గొంతు నాకూ వినిపించింది.

"క్లాసులో అదంతా చెప్పాలాండీ సువర్ణగారూ? మా అత్తగారు వచ్చి ఉన్నారు. మా పాప ఆవిణ్ణి పట్టుకుని, మనింట్లో గ్లాసులు ఎలా ఉండేవని ఒకటే క్వశ్చన్స్. ఏం చెప్పమంటారు?"

"అడగనివ్వండి పద్మగారూ," అంది అమ్మ. "నిజమే చెప్పండి."

"సరేనండి," అని ఆంటీ ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత ఒకరిద్దరి ఇళ్ళనుంచి మాకు పిలుపులు రావడం మానేశాయి. ఎందుకో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. కాని క్రిస్మస్ రోజున పద్మ ఆంటీ శ్రావ్యను వెంటబెట్టుకుని మా ఫ్లాటుకొచ్చింది. ఏం మాట్లాడాలో తెలియక టీ తాగి, ఇంకో గ్లాసు అడిగి అదీ తాగి, ఆ ఎండకు చెమటలు కక్కింది. అమ్మే జాలిపడి ఫ్యాను అటు తిప్పింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ ఏడు రంజాన్ నెల క్రిస్మస్‌తో కలిసొచ్చింది. గఫూర్ అంకుల్ వాటా అరిసెలూ గులాబీ పువ్వులూ మూతపెట్టి, ఎనిమిది దాటినా అస్తమించని ఆ సూర్యుణ్ణి తిట్టుకుంటూ ఆయనతోపాటు మేమూ ఎదురుచూశాం. బడివాళ్ళు అమ్మను మరుసటేడూ ఉంచుకున్నారు. రిటైరయ్యేదాకా ఆమె అక్కడే చెప్పింది.

మొన్న గరాజులో ఇదంతా విని మా అమ్మాయి చేతిలోని పువ్వు తినడం మరిచిపోయింది.

"అమ్మమ్మా, ఆఫ్టర్ యూ టోల్డ్ దెమ్, హౌ డిడ్ యూ ఫీల్?"

అమ్మ అచ్చు మీది నూనె దులుపుతూ ఆలోచించింది.

"ఆకలేసిందే తల్లీ. అంత ఆకలి ఎప్పుడూ వెయ్యలేదు. మీ అమ్మా నేనూ స్టేషను పక్కన కొట్లో వేడి చిప్స్ కొనుక్కుని, మా రైలొచ్చినా ఎక్కకుండా బెంచీ మీద కూర్చుని మొత్తం తినేశాం."

నేను దాన్ని పూర్తిగా మరిచిపోయాను. ఇప్పుడా చిప్స్ కొట్టు లేదు. వెస్ట్‌మీడ్ ఎర్ర ఇటుకల ఫ్లాట్లు కూల్చి అద్దాల అంతస్తులు లేపారు. కర్నూలు యాస వినిపించే మెట్లూ పోయాయి. కాని అమ్మ ఆ మాట అనగానే వెనిగర్‌తో తడిసిన చిప్స్ కాగితం వెచ్చదనం నా ఒళ్ళోకి వచ్చింది. రైలు తలుపులు మూసుకుని వెళ్ళిపోతుంటే, పట్టించుకోకుండా వేళ్ళకంటిన ఉప్పు నాక్కుంటున్న మా అమ్మ కనిపించింది.