ఎవరి విజిళ్లు

కండక్టరమ్మకు కోపం వస్తే పొయ్యి వెలిగించనక్కర్లేదు. గిన్నె వైపు ఒక్క చూపు చూస్తే చాలు, నానబెట్టని శనగలు కూడా మెత్తగా ఉడికిపోతాయి. ఆమె పళ్లు కొరికితే మూడో వీధి కొట్లో కందులు వాటంతటవే బద్దలవుతాయి. బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లు ఆమె విజిల్ వింటే లోపలికి రారు, దిగి నేరుగా ఇంటికే పోతారు.

అంతటి మనిషికీ ఒక భయం ఉంది, మామగారిని ఆడపడుచు తీసుకుపోతుందేమోనని. ముప్పై ఏళ్లు వర్క్‌షాపులో లేత్ మిషన్ దగ్గర నిలబడి, ఇప్పుడు నోట్లో ఒక్క పన్నూ లేని ఆ ముసలాయనకూ ఆమెకూ భలే కుదిరింది. ఇద్దరూ కూర్చుని ఆమె మొగుణ్ణి తనివితీరా తిట్టుకుంటారు. ఆ తోడు పోతే ఆమెకు ఇల్లు ఇల్లులా ఉండదు.

చిక్కు తెచ్చింది ముసలాయన నోరే. "అక్కడ నీకేం పెడుతున్నారు నాన్నా, రాళ్లా?" అని కూతురు ఫోనులో అడిగితే, "రాళ్లేంటే, కోడలు ఉడికించిన శనగలు నాలిక మీదే కరిగిపోతాయి" అని కోతలు కోసేశాడు.

"అయితే ఆదివారం వస్తా. నా ఎదుట తిన్నావా సరే, లేదా నాతో వచ్చెయ్" అంది కూతురు.

ఆదివారం కండక్టరమ్మకు పొద్దుటి డ్యూటీ పడింది. ముందురోజు నానబోసిన శనగలు కుక్కర్లో వేసి, నీళ్లు కొలిచి పోసి, మొగుడికి అప్పగించింది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు.

"పదింటికి వెలిగించండి. ఆరు విజిళ్లు, తర్వాత సిమ్‌లో పావుగంట. రోజంతా విజిల్ ఊదేది నేనే, ఇంట్లో లెక్కపెట్టడమైనా మీరు చెయ్యండి."

మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి ఆడపడుచు కుర్చీలో ఉంది, ఒళ్లో ఖాళీ సంచి పెట్టుకుని. కండక్టరమ్మ మూత తీసి ఒక గింజ నొక్కింది. వేలు నొప్పెట్టింది గానీ గింజ నలగలేదు.

"ఎన్ని విజిళ్లొచ్చాయండీ?"

"ఆరు. వేళ్ల మీద లెక్కపెట్టా."

"ఎవరివి?"

గడియారాలాయన వేళ్లు మళ్లీ మడిచి చూసుకున్నాడు. గోడ అవతల నుంచి పక్కింటావిడ గొంతు వినపడింది. "మాకు ఆరొచ్చాయక్కా. మా పప్పు బ్రహ్మాండంగా ఉడికింది."

మూత మీద ఉండాల్సిన విజిల్ సింకు పక్కన, కడిగిన గిన్నెల బుట్టలో పడి ఉంది.

"రెండొందల ముక్కల గడియారం విప్పి బిగిస్తారు. ఒక్క ముక్క మూత మీద పెట్టడం చేతకాలేదా మీకు?" కండక్టరమ్మ గరిట బల్ల మీద కొట్టిన దెబ్బకు దాని కాడ వంకర పోయింది.

"వాణ్ణి అంటావేం? నీ దగ్గర ఏ పప్పూ ఉడకదని నాకెప్పుడో తెలుసు" అని ఆడపడుచు లేచింది. "నాన్నా, బట్టలు సర్దుకో."

ముసలాయన ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు దొర్లించాడు. "వెన్నే" అన్నాడు, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే.

"ఉమ్మెయ్యండి మామయ్యా" అంది కండక్టరమ్మ, మరీ మండిపడుతూ. "మీ అబద్ధంతో మిమ్మల్ని ఉంచుకోవాల్సిన ఖర్మ నాకు లేదు."

గింజ పళ్లెంలో ఠంగుమంది.

"వదినా, తింటే చాలన్నారు. ఎన్నింటికి తినాలో చెప్పలేదు. కూర్చోండి."

ఆమె మరికాసిని నీళ్లు పోసి, మూత బిగించి, విజిల్ పెట్టి, పొయ్యి వెలిగించి, చేతులు కట్టుకుని పొయ్యి ముందు నిలబడింది. మొదటి కూతకు గడియారాలాయన "ఒకటి" అనబోయాడు. ఆమె తిరిగి చూసింది. లెక్క ఆయన గొంతులోనే ఉండిపోయింది. ఆరు కూతలూ, పావుగంటా, ఆవిరి దానంతటదే దిగేదాకా ఆ ఇంట్లో ఎవరూ గొంతు సవరించుకోలేదు.

ముసలాయన స్పూనుతో మెదిపి ఒక పళ్లెం ఖాళీ చేసి, రెండోదానికి చెయ్యి చాపాడు. ఆడపడుచు సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

ఆడపడుచు కండక్టరమ్మ కాళ్ల మీద పడిందనీ, మూడు పళ్లేలు తిని నాలుగోది సంచిలో పోయించుకుందనీ వీధిలో కథ. అదంతా ఎవరో ఎదుటే చెబితే కండక్టరమ్మ బస్సుకు బయల్దేరుతూ అంది:

"కాళ్ల మీద ఎవరూ పడలేదు. వదిన ఉప్పు తక్కువైందన్నారు. తక్కువే అయింది. మామయ్య ఇక్కడే ఉన్నారు."